నేలకి వీపు తగలకూడదట

కళ్ళు తెరిచేసరికి నా కుడి గుప్పిట్లో తాళాలగుత్తి ఉంది. బడిలో ఆటసామాను గది తాళాలవి. ఎవరో నా వేళ్ళు బలవంతంగా మూసి పట్టుకున్నారు. ముక్కు దగ్గర ఉల్లిపాయ ఘాటు. పైన చుట్టూ తలలు. ఆ తలల మధ్య మా బావ మొహం నెత్తురు చుక్క లేకుండా పాలిపోయి ఉంది. నేను అడిగిన మొదటి మాట, "ఎవరు గెలిచారు?" అని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆరోజు అక్కడ ఒక్కరూ నవ్వలేదు.

నా పేరు విజయలక్ష్మి. నందిగామ దగ్గర ఒక హైస్కూల్లో వ్యాయామ టీచర్ని. కాపురం జగ్గయ్యపేటలో. మా ఆయన నాకు మేనబావ, అందుకని పెళ్ళయి ఇన్నేళ్ళయినా బావా అనే పిలుస్తాను. ఆయనకి ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. మా అత్తగారు నాకు స్వయానా మేనత్త. మేం ముగ్గురం కలిసి ఏడాది పాటు పడిన తిప్పలివి. గండం గట్టెక్కింది కాబట్టి ఇప్పుడు స్థిమితంగా కూర్చుని రాస్తున్నాను. రాస్తే నా మనసు కుదుటపడుతుంది. చదివినవాళ్ళలో ఒకరిద్దరికైనా పనికొస్తే మరీ మంచిది.

నాది కబడ్డీ. చిన్నప్పటి నుంచీ నా కూతకి పేరుంది. ఊపిరి తీసుకోకుండా "కబడ్డీ కబడ్డీ" అంటూ అవతలి జట్టులోకి వెళ్ళి, వాళ్ళని ముట్టుకుని, పట్టు తప్పించుకుని గీత దగ్గరికి రావాలి కదా. అందరి కూతా తెగిపోయే చోట నాది అప్పుడే మొదలైనట్టుండేది. నలభై దాటాక కూడా టీచర్ల ఆటలపోటీల్లో మా మండలం జట్టుకి కెప్టెన్ని నేనే. మా బావ వీరులపాడు జట్టులో ఒకప్పుడు మంచి పట్టుగాడు. మా పెళ్ళి సంబంధం కూడా కబడ్డీ కోర్టు పక్కనే ఖాయమైందని మా వాళ్ళు ఇప్పటికీ ఆటపట్టిస్తారు.

ఆ చలికాలంలో మొదటిసారి తేడా తెలిసింది. కూతకి వెళ్ళి నాలుగడుగులు వేసేసరికి చూపు అంచుల్లో నల్లగా కమ్ముకునేది. ఎదురుగా ఉన్నవాళ్ళ మొహాలు మసకబారేవి. చిత్రమేమిటంటే కాళ్ళు నొప్పి పుట్టేవి కావు, ఆయాసం కూడా పెద్దగా లేదు. కాని ఎటు తిరగాలో తోచేది కాదు. ఎడమకి దూకాలని అనుకునేలోపు కుడివైపు నుంచి వచ్చి పట్టేసేవాళ్ళు. పిల్లల చేత పరుగులు పెట్టించేటప్పుడు వాళ్ళతోపాటు పరిగెత్తితే, కాసేపటికి ఎవరో లోపల కూర్చుని కాళ్ళకి పగ్గం వేసి లాగుతున్నట్టుండేది. గీత దగ్గరికి వచ్చి గట్టిగా ఊపిరి తీసుకుంటే అంతా మామూలే.

బావతో చెప్పాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నీకు ఊపిరి తగ్గింది. సాధన మానేశావ్ కదా, ఏమవుద్ది మరి? రేపట్నుంచి పొద్దున్నే కూత పట్టు, నేను వాచీ చూస్తా."

నాకూ అదే నిజమనిపించింది. కబడ్డీ ఆడేవాళ్ళకి కళ్ళు తిరిగితే డాక్టరు గుర్తుకురాడు, కూత గుర్తుకొస్తుంది. రోజూ పొద్దున్నే వీధి చివర ఖాళీ స్థలంలో నేను ఊపిరి బిగబట్టి కూత పెట్టడం, ఆయన వాచీ పట్టుకుని "ఇంకా, ఇంకా" అనడం. గుండె ఒకపక్క మొరాయిస్తుంటే దాన్ని కొరడా పెట్టి తోలినట్టయిందని తర్వాత తెలిసింది.

ఫిబ్రవరిలో నందిగామలో పోటీలు. ఆఖరి ఆట. గెలుపు ఒక్క పాయింటు మీద ఉంది. కూతకి వెళ్ళాను. ఇద్దరు పట్టుకున్నారు, విదిలించుకున్నాను. గీత కనపడుతోంది. మైదానం చుట్టూ జనం అరుస్తున్నారు. ఆ అరుపులు మెల్లగా దూరమయ్యాయి. చీకటి ఈసారి అంచుల్లో ఆగకుండా మధ్యదాకా వచ్చేసింది.

తర్వాత జరిగింది నాకు తెలియదు, చెప్పగా విన్నదే. నేను గీత మీద కూలబడ్డాను. ఆట చూడ్డానికి వచ్చిన బావ ఒక్క ఉదుటున కోర్టులోకి దూకి, నా చంకల కింద చేతులేసి ఎత్తి నిలబెట్టాడు. మా వైపు ఆటగాళ్ళలో ఒక పట్టుదల ఉంది. ఎంత దెబ్బ తగిలినా, ఎంత నీరసం వచ్చినా, అవతలి జట్టు చూస్తుండగా నేలకి వీపు తగలకూడదు. పడుకుంటే నీరసం పట్టుకుంటుందని, నడిపిస్తే పోతుందని కూడా అంటారు. అందుకని ఆయన నన్ను పడుకోనివ్వలేదు. "నడిపించండి, నడిపించండి" అని చుట్టూ కేకలు. అలా నిలబెట్టి ఉంచగా నా కళ్ళు తేలిపోయి, చేతులూ కాళ్ళూ కొట్టుకోవడం మొదలైంది. "ఫిట్సు! తాళాలు పెట్టండి!" అన్నారెవరో. బావ చేతులు నొప్పెట్టి చివరికి నన్ను కింద పడుకోబెట్టాడు. ఆటసామాను గది తాళాలు నా చేతిలో పెట్టారు. కొట్టుకోవడం ఆగిపోయింది. ఘనతంతా తాళాలకే దక్కింది.

ఆ పూటతో నేను ఫిట్సు మనిషినైపోయాను. ఆ కబురు నాకన్నా ముందే జగ్గయ్యపేట చేరింది. నేను ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య పాత ఇనుప తాళాలన్నీ ఏరి ఒక గుత్తి కట్టి ఉంచింది.

"ఇది నీ హ్యాండ్‌బ్యాగులో ఉండాలే అమ్మాయ్. నిద్రపోయేటప్పుడు తలగడ కింద పెట్టుకో."

"ఇది మోస్తే చెయ్యి పడిపోద్ది అత్తయ్యా."

"పడిపోతే చేతికి వేరే మందు ఉంది. నువ్వు పడిపోకుండా ఉంటే చాలు."

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. తలకి స్కానింగ్ తీస్తే అంతా బాగానే ఉందని వచ్చింది. అయినా చేతులూ కాళ్ళూ కొట్టుకున్నాయని మేమే పదిమందిమీ ఒకటికి పదిసార్లు చెబితే ఆయన మాత్రం ఏం చేస్తారు? ఫిట్సు మందు రాశారు. పరుగు వద్దు, బండి నడపొద్దు, ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళొద్దు అన్నారు. నేను ఆయన్ని తప్పు పట్టను. మేం చెప్పిన కథని బట్టే ఆయన మందిచ్చారు.

ఆ నెలలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ మాత్రలు వేసుకుంటే పగలే నిద్రకి తూగేదాన్ని. మాట్లాడుతూ మాట్లాడుతూ పదం కోసం వెతుక్కునేదాన్ని. బడిలో హెడ్‌మిస్ట్రెస్ మంచావిడే. ఒకరోజు గదిలోకి పిలిచి కుర్చీ చూపించి నెమ్మదిగా చెప్పారు.

"విజయా, పిల్లల ముందు మళ్ళీ అలా అయితే వాళ్ళు జడుసుకుంటారమ్మా. కొన్నాళ్ళు లైబ్రరీ చూసుకో. తగ్గకపోతే పైవాళ్ళకి రాసి ఏదైనా కూర్చునే పని ఇప్పిద్దాం."

కూర్చునే పని! నాకు అన్నం పెట్టింది పరుగు. నాకు బడిలో తెలిసిన గది ఆటసామాను గది ఒక్కటే. కిటికీలోంచి చూస్తుంటే మా ఆడపిల్లలు నేను లేకుండా తామే విజిల్ ఊదుకుని ఆడుకుంటున్నారు. నేను ఇంక ఎప్పటికీ ఆ మైదానంలో అడుగుపెట్టనేమో అనుకుని పుస్తకాల బీరువా వెనక నిలబడి ఏడ్చాను. చచ్చిపోతానన్న భయం నాకు అప్పటికి లేదు. ఇలా తూగుతూ బతకాల్సి వస్తుందన్నదే భయం.

మేలో, మాగాయ పెట్టే రోజుల్లో, రెండోసారి పడ్డాను. మామిడి ముక్కల పళ్ళెం ఎండబెట్టడానికి గబగబా మేడమెట్లు ఎక్కుతున్నాను. ఎండ నడినెత్తికి వస్తోందని తొందర. సగం మెట్లు ఎక్కేసరికి అదే చీకటి. ఇంట్లో అత్తయ్య తప్ప ఎవరూ లేరు. పాపం ఆవిడకి నన్ను లేపే శక్తి ఎక్కడిది? మెట్ల మలుపు దగ్గర పడినదాన్ని పడినట్టే వదిలేసి తాళాల కోసం లోపలికి పరిగెత్తింది. తెచ్చేలోపే నేను లేచి కూర్చుని మామిడి ముక్కలు ఏరుకుంటున్నాను.

"తాళాలు పెట్టకుండానే ఎట్టా లేచావే?" అంది అత్తయ్య. ఆ గొంతులో సంతోషం కన్నా నిష్ఠూరమే ఎక్కువ వినిపించింది.

మందు వేసుకుంటుండగానే పడ్డాను కదా, ఇంక పెద్ద డాక్టరుకి చూపించాల్సిందేనని విజయవాడ బయల్దేరాం. బస్సులో కిటికీ పక్క నేను, నా పక్కన బావ, వెనక సీట్లో అత్తయ్య, ఆవిడ ఒళ్ళో తాళాలు.

ఆ డాక్టరమ్మ వయసులో నాకన్నా చిన్నది. స్కానింగులు ఒకసారి చూసి పక్కన పెట్టేసింది. నన్ను వదిలేసి బావ వైపు తిరిగింది.

"చేతులు కొట్టుకున్నాయన్నారు కదా. అప్పుడు ఆవిడ పడుకుని ఉన్నారా, కూర్చుని ఉన్నారా?"

"పడుకోనిస్తానాండీ!" అన్నాడు బావ, రోషంగా. "చంకల కింద చేతులేసి నిలబెట్టా. జారిపోతా ఉంటే ఇంకా గట్టిగా పట్టుకున్నా."

"ఎప్పుడు ఆగింది?"

"నా వల్లకాక కింద పడుకోబెట్టానండి. తాళాలు పెట్టారు. అంతే, ఆగిపోయింది. లేచి ఎవరు గెలిచారని అడిగింది."

"లేవగానే అలా తెలివిగా అడిగారా? మరి మెట్ల మీద పడినప్పుడు?"

అత్తయ్య అందుకుంది. "నేనొక్కదాన్నే ఉన్నానమ్మా. లేపలేకపోయా. చేతులూ కొట్టుకోలా, కాళ్ళూ కొట్టుకోలా. తాళాలు తెచ్చేసరికి లేచి కూర్చుంది. ముక్కలే అన్నీ మట్టిపాలు."

డాక్టరమ్మ కలం కింద పెట్టి స్టెతస్కోపు తీసుకుంది. ఛాతీ మీద, మెడ పక్కన, మళ్ళీ ఛాతీ మీద. చాలాసేపు విన్నది. అంతసేపు నా గుండెని ఎవరూ వినలేదు. మేం చెప్పిందే అందరూ విన్నారు.

"మీకు ఫిట్సు లేవనుకుంటున్నా," అంది చివరికి. "గుండెలోంచి నెత్తురు బయటికి వెళ్ళే కవాటం బిగుసుకుపోయినట్టు చప్పుడు వినిపిస్తోంది. కింద ఎకో తీయించుకుని రండి."

తర్వాత మాకు అర్థమయ్యేలా చెప్పింది. పరిగెత్తేటప్పుడు అలిసిపోయేది కాళ్ళేనని మనం అనుకుంటాం. కాళ్ళకి ప్రాణవాయువు కాస్త తగ్గినా కొంతసేపు ఎలాగోలా నెట్టుకొస్తాయి. మెదడు నెట్టుకురాలేదు. అందులోనూ అన్నిటికన్నా ఎత్తులో ఉంటుంది. తనకి వాటా తగ్గుతోందని తెలియగానే ముందు కాళ్ళకిచ్చే ఆజ్ఞలు తగ్గిస్తుంది. చూపు మసకబారుస్తుంది. అప్పటికీ మనం ఆగకపోతే మనిషిని నేలమీద పడేస్తుంది. పడుకుంటే నెత్తురు తలకి సులువుగా చేరుతుంది, అదే దానికి కావాల్సింది.

"పడేయడం ఒకరకంగా మెదడు చేసే మేలేనండి," అంది. "మీరు నిలబెట్టేసరికి తలకి నెత్తురు అందక చేతులు కొట్టుకున్నాయి. ఫిట్సు లేనివాళ్ళకి కూడా అలా అవుతుంది. చాలామంది చేసే పొరపాటే ఇది."

చివరి మాట బావని ఓదార్చడానికే అంది. ఆయనకి అది వినపడినట్టు లేదు. తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

కింద ఎకో గది ముందు వరుస కుర్చీల్లో కూర్చున్నాం. పేరు పిలిచినప్పుడల్లా అందరూ ఒకేసారి తలెత్తడం, మళ్ళీ దించుకోవడం. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. తలలో జబ్బు అన్నంతకాలం తూగుతూనైనా బతుకుతాననుకున్నాను. ఇప్పుడు గుండె అంటున్నారు. పక్క కుర్చీలో కంచికచర్ల ఆవిడ ఒకామె నన్ను చూసి, సంచిలోంచి జామకాయ తీసి సగం కోసి, ఉప్పూకారం అద్ది నా చేతిలో పెట్టింది.

"కవాటమా?" అని అడిగింది, ఏ ఊరు అని అడిగినంత మామూలుగా.

తలూపాను. ఆవిడ పైట కొంచెం జరిపి, గొంతు కిందనుంచి దిగిన గీత చూపించింది.

"నాది మార్చి రెండేళ్ళయిందమ్మా. మొన్న చలికాలం పత్తి తీతకి కూడా పోయా. తిను, కాయ బాగుంది."

ఆ జామకాయ రుచి నేను ఈ జన్మకి మర్చిపోలేను. ఆవిడ పేరు అడగలేదు, ఆ తర్వాత మళ్ళీ కనపడనూలేదు.

ఎకోలో తేలింది. మూడు రేకులుండాల్సిన కవాటానికి నాకు పుట్టుకతోనే రెండే ఉన్నాయట. ఇన్నాళ్ళూ ఆ రెండే మూడింటి పని చేసి ఇప్పుడు రాయిలా బిగుసుకున్నాయి. మార్చాలి. ఎంత తొందరగా అయితే అంత మంచిదన్నారు. ఫిట్సు మందు మెల్లగా తగ్గిస్తూ మాన్పించారు. మత్తు వదిలి మనిషిని మనిషిలా అయ్యానుగానీ, ఇంట్లో వాతావరణం మరీ బరువెక్కింది. ఛాతీ కోస్తారంటే అత్తయ్య ఒప్పుకోదు. "రెండింటితో ఇన్నాళ్ళు బతికిందిగా, ఇంకొన్నాళ్ళు బతకలేదా?" అని వాదన. బావ అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేవాడు. ఒకరోజు నాకు ఒళ్ళు మండింది.

"జబ్బు నాది బావా. ఏడుపు నీదా?"

"నిలబెట్టింది నేనేగా," అన్నాడు తలెత్తకుండా. "ఇంకొంచెంసేపు పట్టుకునుంటే..."

"పట్టుకోలేదుగా! చేతులు నొప్పెట్టినాయిగా! ఆ చేతులకి దణ్ణం పెట్టి అన్నం తిను."

ఆయనకి నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. నేనూ ఏడ్చాను. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి మా ఇద్దర్నీ చూసి, "సరే, ఎప్పుడంటున్నారు ఆపరేషను?" అంది. ఇంట్లో వాదన అంతటితో తెగింది.

ఆగస్టులో చేశారు. ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళేముందు బావ నా కాలి బొటనవేలు పట్టుకుని నడిచాడు, తలుపు దాకా. నా బడిపిల్లలు, నా మైదానం, సగంలో ఆగిన ఆ ఆట, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. బతకాలని అంత గట్టిగా నేను ఎప్పుడూ అనుకోలేదు.

మెలకువ వచ్చాక దాహం. నోట్లో మంచుముక్క పెట్టిన సిస్టరు చెయ్యి ఒక్కటే గుర్తుంది. దగ్గొస్తే ఛాతీ రెండుగా చీలినట్టుండేది. తలగడని గుండెలకి హత్తుకుని దగ్గమని నేర్పారు. మూడోనాడో నాలుగోనాడో అదే సిస్టరు తీరిక చేసుకుని నా తల చిక్కు తీసి జడ వేసింది. "ఇంక మీరు పేషెంటులా లేరు మేడమ్," అంది. అద్దం లేకపోయినా నమ్మేశాను.

నాకు పెట్టింది లోహపు కవాటం. గది నిశ్శబ్దంగా ఉంటే లోపల టిక్కు టిక్కుమని వినపడుతుంది. మొదట్లో చిరాకేసింది. ఇప్పుడు అది వినపడకపోతే తోచదు. అత్తయ్య నా పక్కన కూర్చుని చెవి ఒగ్గి విని, "గోడ గడియారం మింగినట్టుందే అమ్మాయ్," అంది. ఆవిడ తాళాలగుత్తి అప్పటికీ నా తలగడ కిందే ఉంది. తీసెయ్యమని నేనూ అనలేదు.

నెత్తురు పలచన చేసే మాత్రలు జీవితాంతం వాడాలి. అంటే ఎవరైనా మీదపడితే, దెబ్బ తగిలితే ప్రమాదం. కబడ్డీ ఆడకూడదు. ఆ మాట విన్నరోజు బాధపడలేదని చెబితే అబద్ధం. కాని నేర్పొచ్చు, విజిల్ ఊదొచ్చు, డాక్టర్లు సరేనన్నాక పరిగెత్తొచ్చు.

"కూత పెట్టొచ్చా అండీ?" అని అడిగాను.

డాక్టరమ్మ నవ్వింది. "పెట్టండి. ఎవరూ పట్టుకోకుండా చూసుకోండి. కళ్ళు మసకబారితే మాత్రం ఆపేయండి."

ఇక్కడ చదివేవాళ్ళకి ఒక మాట. పరుగులోనో, ఆటలోనో, మెట్లెక్కుతూనో కళ్ళకి చీకటి కమ్మితే దాన్ని నీరసమని కొట్టిపారేయకండి, గుండె చూపించుకోండి. ఎవరైనా కళ్ళు తిరిగి పడిపోతే లేపి నిలబెట్టకండి. పడుకోబెట్టి కాళ్ళు కాస్త పైకెత్తండి. వెంటనే తేరుకోకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఈ పాఠం మా బావ ఎంత బాగా నేర్చుకున్నాడంటే, తర్వాత ఎవరు తుమ్మినా "పడుకో, పడుకో" అనేవాడు. కంచికచర్లలో ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు తండ్రి ఉక్కపోతకి విసనకర్ర అడిగితే, ఈయన పరుపు కోసం వెతికాడు.

మళ్ళీ ఫిబ్రవరి వచ్చింది. ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి, నిదానంగా పరుగు మొదలుపెట్టమన్నారు. బడి మైదానం చుట్టూ ఒక్క చుట్టు, అంతే. బావ సెలవు పెట్టి వచ్చాడు. బండి వెనక చాప కట్టుకుని మరీ వచ్చాడు. గీత దాటిన చోట దాన్ని పరిచి, అంచులు సర్ది, పక్కన నిలబడ్డాడు. మా ఆడపిల్లలంతా వరుసగా నిలబడి నోరు మెదపకుండా చూస్తున్నారు. ఎప్పుడూ అంత క్రమశిక్షణ నేను చూడలేదు.

పరుగు మొదలుపెట్టాను. సగం చుట్టు దాటాక భయం పట్టుకుంది. అప్పట్లో సరిగ్గా ఇంతసేపటికే చీకటి వచ్చేది. చూపు అంచులవైపే చూస్తూ పరిగెత్తాను. ఎడమవైపు గోడ మీద రంగులతో రాసిన అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. కుడివైపు పిల్లల మొహాలు, ఒక్కొక్కరిదీ, ముక్కుపుడకలతో, రిబ్బన్లతో సహా కనపడుతున్నాయి. కాళ్ళు నేను చెప్పినట్టు వింటున్నాయి. గీత దగ్గరపడేసరికి నాకు తెలియకుండానే నోట్లోంచి "కబడ్డీ కబడ్డీ" వచ్చేసింది. పిల్లలు ఒక్కసారిగా అరిచారు. ఆ అరుపు ఎక్కడికీ దూరం కాలేదు. గీత దాటేదాకా చెవుల్లోనే ఉంది.

బావ రెండు చేతులూ చాచి ఎదురొచ్చాడు. మళ్ళీ ఏదో గుర్తొచ్చి చేతులు దించేసి చాప చూపించాడు.

"పడుకుంటావా?"

"దేనికి బావా? బానే ఉన్నా."

"కళ్ళు?"

"నీ మీసంలో తెల్ల వెంట్రుకలు కూడా కనపడతన్నాయ్."

ఆయన దగ్గరికి వంగి నా కళ్ళలోకి చూశాడు.

"అయితే నేను పడుకుంటానే," అన్నాడు.

వీరులపాడు జట్టులో ఎన్ని ఆటలాడినా నేలకి వీపు తగలనివ్వని మనిషి, బడిపిల్లలందరూ చూస్తుండగా ఆ చాప మీద వెల్లకిలా పడుకుని, మోచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, రెండు కాళ్ళూ ఎత్తి నా ఒళ్ళో పెట్టుకున్నాను.